అధ్యక్షుల బొంత

మొన్న ఆదివారం పెనుకొండలో మా అవ్వ ఇంటి మిద్దె మీద బొంత ఆరేసినాను. ఉతికిందీ నేనే, పిండిందీ నేనే, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి ఎండలో కాపలా కూర్చున్నదీ నేనే. ఆ బొంతకు సంబంధించిన చాకిరీ మొత్తం నా ఒక్కడి మీదే పడాలని మా ఇంట్లో మూడేండ్ల కిందట ఒక శాసనం అయ్యింది. ఎందుకయ్యిందో నిదానంగా చెప్తాను. పిట్టగోడ మీద సగం వేలాడుతున్న బొంతను చూసి, వీధిలో పోతున్న పార్టీ అన్న ఒకాయన స్కూటరు ఆపినాడు. ఎలక్షన్లు దగ్గరికొచ్చినాయి. ఊర్లో ఏ గోడ మీద ఏ మొగం కనపడినా ఆయన వివరం కనుక్కోకుండా పోడు. చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకుని తల పైకెత్తినాడు.

"ఏమబ్బా, అది ఏ పార్టీ బ్యానరు?"

"బ్యానరు కాదు న్నా, బొంత."

"బొంత మింద మొగాలెందుకుండాయి? ఎవురాయన? మన వార్డేనా?"

"మన వార్డు కాదు, మన దేశమే కాదు న్నా. ఆఫ్రికా. ఇద్దురు ప్రెసిడెంట్లు. ఇద్దురూ దిగిపోయినారు."

ఆయన చెయ్యి దించి, ఇంకొక మాటు పైకి చూసినాడు. "మళ్లా నిలబడతాండారా?"

"లేదు న్నా."

"అట్లయితే ఆరేసుకో" అని స్కూటరు తీసుకుని పోయినాడు.

మామూలుగా అయితే ఇట్లాంటి మాట దొరికితే నేను వారం రోజులు తిరిగి తిరిగి అందరికీ చెప్పుకుంటాను. ఆ పొద్దు మాత్రం నవ్వు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. బొంతకు ఒక మూల ఎర్రమన్ను మరక ఉంది. మూడేండ్లుగా సబ్బు మార్చి సబ్బు రుద్దుతున్నాను, పోదు. దాన్ని చూస్తే చాలు, ఇప్పటికీ కరెంటు తగిలినట్టవుతుంది. కరెంటు షాకు నాకు కొత్తేం కాదు. హిందూపురంలో నాది మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, మళ్లీ రాగి తీగ చుట్టి ఇస్తాను. నెలకొకసారన్నా ఏదో ఒక తీగ నన్ను పలకరించకుండా ఉండదు. చేతిని దులుపుకుని టీ తాగితే సరిపోతుంది. ఈ మరక కొట్టే షాకుకు మాత్రం టీ పనిచెయ్యదు.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, బోరు రిగ్గు మీద డ్రిల్లరు. మా సీమలో వెయ్యి అడుగులు దించినా దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు వేసి వేసి, జనంతో తిట్లు తిని తిని, ఒక కంపెనీవాళ్లు రమ్మంటే పడమటి ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో అనే దేశానికి పోయినాడు. పోయిన కొత్తలో ఫోను చేసి ఆయన చెప్పిన మొదటి సంగతి విమానం గురించి కాదు, అక్కడి మనుషుల గురించీ కాదు. "అమ్మా, ఈడ రెండొందల అడుగులకే నీళ్లు పడతాండాయి!" అన్నాడు. అదే మాట మూడుసార్లు చెప్పినాడు. అవ్వ మాత్రం, "నీళ్లు సరే, కూడు సంగతి ఏంది?" అనింది. కూడు గూడా మనదే అన్నాడు చిన్నాయన. సజ్జపిండితోనో జొన్నపిండితోనో సంగటి మాదిరే కెలుకుతారంట, బెండకాయ పులుసులో ముంచుకుని తింటారంట. అంతే, అవ్వకు ఆ దేశం మీద దిగులు తీరిపోయింది. సంగటి తినేవాళ్లు చెడ్డోళ్లు అయ్యే అవకాశం లేదని ఆమె సిద్ధాంతం. మా వీధిలోనే దానికి విరుద్ధమైన సాక్ష్యం కావలసినంత ఉంది, కానీ ఆమె వినదు.

ఏడాదిన్నరకొకసారి సెలవు మీద వచ్చినప్పుడు చిన్నాయన ఏమి తెచ్చేవాడంటే, గుడ్డలు. అక్కడ ఒక ఆచారం ఉందంట. ఎలక్షన్లు వచ్చినా, పెద్ద పండగ వచ్చినా, నాయకుని మొగం పెద్దగా అచ్చేసిన నూలుగుడ్డ బజారుకు వస్తుంది. ఆడా మగా దాన్ని లుంగీగా, గౌనుగా, చొక్కాగా కుట్టించుకుని తిరుగుతారు. మన దగ్గర నాయకుణ్ణి గోడకు అంటిస్తాం, వాళ్లు ఒంటికి కట్టుకుంటారు. గట్టి గుడ్డ, రంగు పోదు, చౌకగా వస్తుంది అని చిన్నాయన ఇంటిల్లిపాదికీ అవే తెచ్చేవాడు. మొదటిసారి తెచ్చిన గుడ్డ మీద ఉన్నాయన దిగిపోయేనాటికి ఇరవై ఏడేండ్లు అక్కడ ప్రెసిడెంటు. నేను పుట్టకముందు నుంచీ ఆయనే. నా చిన్నప్పటి తలదిండుకు ఆయన మొగమే గలీబు. ఒక దేశాధినేత చెంప మీద చొంగ కార్చుకుంటూ పెరిగినవాణ్ణి నేను, నాకు అధికారం అంటే భయం ఎక్కడుంటుంది.

సెలవుల్లో సాయంత్రమైతే చిన్నాయన అరుగు మీద కూర్చుని ఆ దేశం కథ చెప్పేవాడు. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచీ అక్కడ సగం కాలం మిలిటరీ వాళ్లే వంతులేసుకున్నట్టు కుర్చీ ఎక్కినారంట. నడుమ ఒక కుర్ర కెప్టెను వచ్చి, దేశం పేరే మార్చి, నిజాయితీ గల మనుషుల దేశం అని అర్థం వచ్చేటట్టు పెట్టినాడంట. ఆఫీసర్లందరూ ఊరి మగ్గం మీద నేసిన గుడ్డే కట్టుకోవాలన్నాడంట. ఈ మాట దగ్గర మా చిన్నమ్మ లేచి వచ్చి కూర్చునేది. ఆమె చిన్నాయన భార్య, ధర్మవరం పట్టు నేసే ఇంటి ఆడబిడ్డ. ప్రపంచ రాజకీయాల్లో ఆమెకు నచ్చిన మనిషి ఆ ఒక్కడే. "మగ్గం గుడ్డ కట్టమన్నాయన్ని ఎందుకు దించినారు?" అని అడిగింది ఒకసారి. "దించలేదు, చంపేసినారు" అన్నాడు చిన్నాయన. చిన్నమ్మ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టింది. "అంతేలే. మగ్గాన్ని నమ్ముకున్నోళ్లు యాడ బాగుపడినారు" అని లేచిపోయింది. ఆ తర్వాత ఎక్కినాయనే మా తలదిండాయన.

ఆ తలదిండాయన దిగిపోయింది చిన్నాయన అక్కడ ఉన్నప్పుడే. మళ్లీ నిలబడటానికి రూలు మార్చబోతే జనం వీధుల్లోకి వచ్చినారు. ఆడవాళ్లు సంగటి కెలికే తెడ్లు పైకెత్తుకుని ఊరేగింపు తీసినారు. అసెంబ్లీకి నిప్పు పెట్టినారు. చిన్నాయన రిగ్గు అప్పుడు ఎక్కడో పల్లెలో ఉంది. ఇరవై ఏడేండ్ల ప్రభుత్వం పడిపోయిన వార్త ఆయనకు ఎట్లా తెలిసిందంటే, క్యాంపు వంటాయన డేరాలోకి తొంగి చూసి, "ప్రెసిడెంటు పోయినాడు, ఉల్లిగడ్డలు గూడా లేవు" అన్నాడంట. మా అవ్వకు మాత్రం తెడ్ల సంగతే బుర్రలో నిలిచిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే తెడ్డు చూపిస్తుంది. మా నాయన ఒకసారి ప్రెసిడెంటు కంటే తొందరగా ఇల్లు ఖాళీ చేసినాడు.

తర్వాత కొన్నాళ్లు ఒక మిలిటరీ ఆఫీసరు, ఆ తర్వాత ఎలక్షన్లు జరిపేదాకా అని ఒక పెద్దమనిషి. ఎలక్షన్లు దగ్గరికొచ్చేసరికి పాత ప్రెసిడెంటు కాపలా దళం వాళ్లు ఆ పెద్దమనిషిని పట్టుకుని తామే ప్రభుత్వం అన్నారు. జనం ఒప్పుకోలేదు, మిగతా సైన్యం ఒప్పుకోలేదు, వారానికి మళ్లీ అప్పగించేసినారు. "వారం దినాలా?" అని అవ్వ నోటి మీద వేలేసుకుంది. "మన ఇంటికొచ్చే సుట్టాలు గూడా పది దినాలుంటారు గదరా!" ఆ వారం రోజుల ప్రభుత్వానికి గుడ్డ రాలేదు. అచ్చు వేసేదానికైనా టైము కావాలి గదా.

ఆ పైన ఓట్లతో గెలిచినాయన ఒకడు వచ్చినాడు. ఆయన గుడ్డలు రెండు రంగుల్లో వచ్చినాయి, ఎందుకంటే రెండుసార్లు గెలిచినాడు. ఆయన కాలంలోనే ఉత్తరాన తుపాకుల మూకలు పల్లెల మీద పడటం ఎక్కువైంది. బడులు మూసేసినారు, ఊర్లకు ఊర్లే ఖాళీ చేసి పోయినారు. అప్పుడు సెలవు మీద వచ్చిన చిన్నాయన ఒక సాయంత్రం ఎప్పుడూ లేనిది నిదానంగా చెప్పినాడు. "నేను ఏసిన బోర్లు ఆడ ఇంగా నీళ్లిస్తాండాయిరా. తాగేదానికి మనుషులు లేరు. ఈడ మనుషులుండారు, నీళ్లు లేవు." నేను ఏదో ఒక జోకు వేయాలని చూసినాను. నాకు అలవాటు. ఎవరైనా కండ్లు తడి చేసుకుంటే వెంటనే ఒక సూది తీసుకుని ఆ బుడగను పగలగొట్టకపోతే నాకు ఊపిరాడదు. చావింట్లో గూడా టీ చల్లగుందేమని అడిగిన చరిత్ర ఉంది నాకు.

ఆ రెండుసార్లు గెలిచినాయన్ని మిలిటరీ దించేసింది, మూకలను అడ్డుకోలేదని. టీవీలో మచ్చల డ్రెస్సు వేసుకున్న సిపాయిలు వరసగా నిలబడి, ఒకడు కాయితం చూసి చదివినాడు. సరిహద్దులు మూసినాము, కర్ఫ్యూ పెట్టినాము, రాజ్యాంగం పక్కన పెట్టినాము. చిన్నాయన ఆ వీడియో మా ఇంటి గ్రూపులో పెట్టినాడు. అంత పెద్ద మాటలు అంత చిన్న కాయితంలో పడతాయని మాకు తెలియదు. మా షాపు బోర్డు రాయించడానికి దానికంటే పెద్ద కాయితం పట్టింది.

ఆ ఏడే, అట్లా కుర్చీ ఎక్కిన కల్నలు ఒకడు ఏలుతుండగా, చిన్నాయన సెలవు మీద వచ్చినాడు. అవ్వ ఆ ఎండాకాలం పాత గుడ్డలన్నీ పెట్టెలోంచి తీసి బొంత కుట్టింది. మా పక్క బొంత అంటే పాత చీరలు పొరలు పొరలుగా పరిచి దబ్బనంతో దగ్గర దగ్గరగా కుట్టేది. కింద పొరలు చీరలు, పై పొర మాత్రం అధ్యక్షులు. దీనికి అవ్వ ఒక రూలు పెట్టుకుంది. "మనిషి మొగం మింద కాలు పడగూడదురా. వాడు ఎట్లాటోడన్నా కానీ, మొగం మొగమే." అందుకని మొగాలన్నీ తలవైపుకు వచ్చేటట్టు కత్తిరించి, కాళ్లవైపు మా తాత పాత పంచ ముక్కలు వేసింది. మా తాత కాళ్లు తగిలినా పట్టించుకునే మనిషి కాదని ఆమె నమ్మకం. తలకాడ తలదిండాయన నాలుగు మొగాలు, ఓట్లాయన ఆరు మొగాలు, అందరూ పక్కపక్కనే, ఒకే కుట్టు కింద. నిజంలో వాళ్లు ఎప్పుడూ అంత దగ్గరగా కూర్చుని ఉండరు. కల్నలు గుడ్డ ఇంకా రాలేదు.

చిన్నాయన బయల్దేరే దినం దగ్గరికొచ్చింది. ఇది ఆఖరిసారి అని చిన్నమ్మకు మాట ఇచ్చినాడు. ఒక్క ఏడు పని చేసి వచ్చేస్తే, ఇక్కడే పాత రిగ్గు ఒకటి పట్టుకుని ఇంటికాడే ఉంటానన్నాడు. చిన్నమ్మ ఆ మాటను ఎవరికీ చెప్పలేదు, కానీ ఆ నెలంతా ఆమె నడక మారింది. చలికాలంలో అక్కడ దుమ్ముగాలికి ఒళ్లు కోసినట్టుంటుందని అవ్వ ఒక నల్ల కంబళి తెప్పించి సంచి అడుగున పెట్టింది. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. బయల్దేరే పొద్దున అందరూ ఇడ్లీలకాడ ఉండగా, నేను సంచి విప్పి కంబళి తీసి అటక మీద పారేసి, దాని జాగాలో అధ్యక్షుల బొంత పెట్టి, పైన పచ్చడి సీసాలు, చెనక్కాయల పొడి మళ్లీ ఎట్లున్నవి అట్లే సర్దినాను. నెల రోజులుగా అరుగు మీద కూర్చుని ప్రెసిడెంట్ల కథ చెప్తున్నాడు గదా, ఆ క్యాంపులో సంచి విప్పి, వాళ్లనే కప్పుకుని పండుకుంటాడు, అప్పుడు ఫోను చేసి నన్ను తిడతాడు, అందరం నవ్వుతాం. ప్లాను ఇంతే. ప్లాన్లన్నీ ఇంతే ఉంటాయి.

చిన్నాయన పోయి చేరినాడు. రాజధానిలో కంపెనీ గదిలో సంచి విప్పకుండానే నాలుగు రోజులు ఉండి, శనివారం పొద్దున క్యాంపుకు బయల్దేరాలి. శుక్రవారం సాయంత్రమే అక్కడ మళ్లీ ప్రభుత్వం మారిపోయిందని మాకు తెలియదు. శనివారం మధ్యాహ్నం నేను షాపులో ఒక ఏడున్నర హార్స్‌పవరు మోటారుకు తీగ చుడుతున్నాను. ఆ మోటారు రైతు ఎదురుగా కూర్చుని నన్ను తొందరపెడుతున్నాడు. ఇంటి గ్రూపులో చిన్నాయన వాయిస్ మెసేజి వచ్చింది. వెనక బండి ఇంజను చప్పుడు, ఎవరో అరుస్తున్న చప్పుడు.

"అమ్మా, ఈడ మళ్లా గవర్నమెంటు మారింది. ఎనిమిది నెలలకే ఆ కల్నల్ని తీసేసి ఇంగో కెప్టెను వచ్చినాడు. ఏం కాదు, భయపడాకండి. దారిలో మిలిటరీ ఆపినారు, సంచులు యిప్పమంటాండారు. మళ్లా చే..."

అంతే. మళ్లీ చేస్తాను అనబోయినాడో, మళ్లీ ఏమన్నాడో, అక్కడ తెగిపోయింది.

గ్రూపులో అందరూ రాస్తున్నారు. సంచిలో పచ్చళ్లే గదా, పచ్చళ్లకేం చేస్తారు అని మా నాయన. దేవుడున్నాడు అని ఎవరో. చేతులు జోడించిన బొమ్మలు. సంచిలో పచ్చళ్ల కింద ఏముందో ఈ భూమ్మీద నా ఒక్కడికే తెలుసు. దించేసిన ప్రెసిడెంటు మొగాలు ఆరు, అంతకుముందు తరిమేసిన ప్రెసిడెంటు మొగాలు నాలుగు, తుపాకులు పట్టుకుని నిద్ర లేకుండా ఎర్రబడిన కండ్లతో నిలబడిన కుర్ర సిపాయిల ముందు, ఒక పరదేశి సంచిలో. చేతిలో తీగ ఎప్పుడు వదిలేసినానో తెలియదు. చుట్టు మొత్తం ఊడి నేల మీద పడి వానపాముల గుంపులా దొర్లింది.

"ఏమప్పా, కరెంటు కొట్టిందా?" అన్నాడు రైతు.

"ఊ" అన్నాను. అబద్ధం కాదు.

చిన్నాయనకు ఫోను చేస్తే పోదు. కంపెనీ వాళ్లకు చేస్తే, లైన్లు సరిగా లేవు, కనుక్కుంటామన్నారు. సాయంత్రం దాకా, తెల్లారి దాకా, ఏమీ లేదు. నేను ఫోనులో వార్తలు వెతికినాను, పొగ, పరిగెత్తే జనం, టీవీలో మళ్లీ మచ్చల డ్రెస్సులు, మళ్లీ కాయితం. కాయితం చదివేవాడు మారినాడు గానీ చదివే మాటలు అవే. సరిహద్దులు మూసినాము, కర్ఫ్యూ పెట్టినాము. ఎనిమిది నెలల కిందట ఇట్లాంటి వీడియోనే చూసి మా షాపు బోర్డుతో పోల్చి నవ్వినాను. ఆ నవ్వినవాణ్ణి పట్టుకుని నాలుగు పీకాలనిపించింది.

ఆదివారం పొద్దున రైలెక్కి పెనుకొండలో దిగినాను. అవ్వ బయట బియ్యం చెరుగుతోంది. ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయి నిచ్చెనేసుకుని అటక మీద కంబళి తీసినాను. దాంతో ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు. దాన్ని చేతిలో పట్టుకుంటే జరిగింది జరగనట్టు అయిపోతుందనిపించిందేమో. నిచ్చెన దిగి వెనక్కి తిరిగితే అవ్వ గడపలో నిలబడి ఉంది.

"అది యాడుండాల్సిందిరా?" అనింది.

"చిన్నాయన సంచిలో అవ్వా."

"మరి సంచిలో ఏముండాది?"

చెప్పినాను. అవ్వ గడప మీదే కూర్చుండిపోయింది. తెడ్డు తెస్తుందనుకున్నాను, తెస్తే బాగుండేది. "మొగాలు కనపడేటట్టు మడిసినావా, లోపలికి పోయేటట్టు మడిసినావా?" అని అడిగింది. కనపడేటట్టే మడిచినాను. విప్పగానే నవ్వు రావాలి గదా, అందుకని. తల దించుకుని కంబళి అంచులు సర్దుకున్నాను. ఆమెకు అర్థమైంది.

"నాకు చెప్తే సరిపోదు నాయనా. ధర్మవరం పో. దానికి చెప్పు."

చిన్నమ్మ ధర్మవరంలో పుట్టింట్లో ఉంది. చిన్నాయన లేనప్పుడు అక్కడే ఉండి పని చేసుకుంటుంది. పెనుకొండ నుంచి ధర్మవరం దాకా కంబళి ఒళ్లో పెట్టుకుని రైల్లో కూర్చున్నాను. అంత ఎండలో కంబళి మోసుకుపోతున్నవాణ్ణి చూసి ఎదురు సీటాయన, "ఏమబ్బా, జొరమా?" అని అడిగినాడు. మామూలు దినమైతే ఆయనకు ధర్మవరం దాకా సరిపోయే జవాబు ఇచ్చేవాణ్ణి. కిటికీలోంచి ఒకటే చూసుకుంటూ పోయినాను. దారి పొడుగునా ఎండిన బోర్లు, వాటి మీద బోర్లించిన రాళ్లు. వాటిలో కొన్ని చిన్నాయన వేసినవే ఉంటాయి.

చిన్నమ్మ రాట్నం కాడ కూర్చుని పట్టుదారం కండెలు చుడుతోంది. లోపల గదిలో మగ్గం ఆడుతోంది. ఫోను ఆమె మోకాలి పక్కన నేల మీద ఉంది, తెర పైకి పెట్టి. నేను కంబళి ఆమె ముందర పెట్టి, నిలబడి, రెండు ముక్కల్లో చెప్పేసినాను. రాట్నం ఆగింది. ఆమె కంబళి మీద చెయ్యి వేసి, దాన్ని నిమిరి, "ఇది ఆయన కాడ లేదా?" అనింది. లేదన్నాను. తిట్టలేదు. ఏడ్వలేదు. నా మొగంలోకి సూటిగా చూసింది, నేనెవరో కొత్తగా వచ్చినవాణ్ణి అయినట్టు.

"నువ్వు పుట్టి ఇన్నేండ్లయింది. ఒక్క పనన్నా నవ్వులాటకు కాకుండా చేసినావా?"

మోటార్లు బాగు చేస్తాను అందామనుకున్నాను, నిన్న అది గూడా పాడు చేసి వచ్చినాను. ఆమె జరిగి జాగా ఇచ్చింది. "కూర్చో. దారం తెగకుండా చుట్టు" అనింది. ఆ సాయంత్రం దాకా కండెలు చుట్టినాను. రాగి తీగ చుట్టే చేతికి పట్టుదారం ఏం లెక్క అనుకుంటాం గానీ, అది తెగినప్పుడల్లా గుండె ఆగేది. ప్రతిసారీ ఇద్దరమూ ముందు ఫోను వైపు చూసి, తర్వాత దారం వైపు చూసేవాళ్లం. మగ్గం మాత్రం లోపల ఆడుతూనే ఉంది. ఎవరి మొగుడు ఏ దేశంలో ఏమైనా చీర టైముకు దిగాలి.

సోమవారం పొద్దున పదకొండు గంటలకు ఫోను మోగింది. అక్కడ అప్పటికి తెల్లవారి అయిదున్నర, కర్ఫ్యూ తీసేసి అరగంట. చిన్నమ్మ ఫోను ఎత్తి చెవికి పెట్టుకోలేక స్పీకరు నొక్కింది.

"నేనే. బాగుండాను. ఏడ్వాకు, నాకేం కాలేదు" అన్నాడు చిన్నాయన. చిన్నమ్మ అప్పటిదాకా ఏడ్వలేదు, ఆ మాటతో మొదలుపెట్టింది. కాసేపు అయినాక ఆయన గొంతు మారింది. "బొంత పెట్టింది వాడే గదా, ఆ నా కొడుకు ఆడుండాడా?"

"ఉండాను చిన్నాయనా."

"ఉండు. ముందు అంతా చెప్తా, తర్వాత తిడతా."

చెప్పినాడు. రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు పెట్టి సిపాయిలు నిలబడినారంట. ఒక కుర్రవాడు సంచి నేల మీద గుమ్మరించి బొంత పట్టుకుని లాగితే, అది ఎర్రమన్ను మీద పరుచుకుంది, పది మొగాలూ ఆకాశంలోకి చూస్తూ. చిన్నాయనకు గూడా అప్పుడే తెలిసింది అందులో ఏముందో. "నా రగతం గడ్డకట్టిపోయిందిరా. కంబళి యాడ పోయింది, వీళ్లు యాడ్నుంచి వచ్చినారు అని." నలుగురు సిపాయిలు చుట్టూ చేరినారు. ఫోను గుంజుకున్నారు. ఎవరి మనిషివి అని అడిగినారంట. బోరు మనిషిని అన్నాడంట. వాళ్లకు అర్థం కాక, బండి డ్రైవరును కాలరు పట్టుకుని అడిగినారు. అప్పుడు కాస్త వయసైన ఆఫీసరు ఒకాయన చెట్టు కిందినుంచి లేచి వచ్చి, వంగి, బొంతను చూసినాడు. మొగాలను కాదు, కుట్టును చూసినాడంట. గోరుతో గీకి చూసి, ఎవరు కుట్టినారు అని డ్రైవరు చేత అడిగించినాడు.

"మా అమ్మ అన్నాను. మొగాలన్నీ ఒకే పక్క ఎందుకుండాయి అన్నాడు. మనిషి మొగం మింద కాలు పెట్టగూడదని మా అమ్మ మాట, దిగిపోయినోడైనా సరే, అని చెప్పించినా. ఆయప్ప ఇప్పుడు ఒక్కొక్క మొగాన్నే చూసుకుంటూ పోయినాడు. తర్వాత కుర్రోణ్ణి ఏదో కసిరినాడు. చూస్తే వాని బూటు తలదిండాయన మొగం మింద ఉండాది. వాడు గబుక్కున కాలు తీసినాడు."

కాలు తీసిన తర్వాత ఆఫీసరు ఇంకో ప్రశ్న అడిగినాడంట. మరి మావాడు, ఆ కొత్త కెప్టెను, ఏడీ అని. ఇక అయిపోయింది అనుకున్నాడు చిన్నాయన. నోటికి వచ్చింది చెప్పేసినాడు. ఇంకా గుడ్డ బజారుకు రాలేదు సారూ, అని. డ్రైవరు దాన్ని వణుకుతూ చెప్తే ఆఫీసరు పగలబడి నవ్వినాడు, అతన్ని చూసి మిగతావాళ్లు నవ్వినారు. రోడ్డు తెరిచేదాకా కదలగూడదని ఇద్దర్నీ ఆ చెక్‌పోస్టు కాడే ఉంచినారు. ఆదివారం మధ్యాహ్నం ఆ కుర్ర సిపాయే వచ్చి, మొగమాటంగా బొంత అడుక్కుని, లారీ నీడన పరుచుకుని కునుకు తీసినాడంట. మొగాలు తలకాడే పెట్టుకున్నాడంట. సోమవారం పొద్దున ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు ఆఫీసరు, మీ అమ్మకు చెప్పు, కొంచెం జాగా వదలమని, అన్నాడంట.

అది చెప్పి చిన్నాయన ఆగినాడు. అంత మంచి కథ, అంత మంచి ఆఖరి మాట, నా నోట్లో మూడు జోకులు సిద్ధంగా ఉన్నాయి. నోరు తెరిచినాను. చిన్నమ్మ నా వైపు చూసింది. మూసుకున్నాను. తర్వాత ఆయన తిట్టినాడు, మా సీమలో ఉన్న తిట్లన్నీ, బోరు మీద నేర్చుకున్నవి గూడా కలిపి. వాటిని వినడం అంత హాయిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మాటిచ్చినట్టే మరుసటేడు చిన్నాయన వచ్చేసినాడు, బొంత చంకన పెట్టుకుని. ఇప్పుడు పెనుకొండ చుట్టూ రిగ్గు తిప్పుతూ మళ్లీ వెయ్యి అడుగుల దుమ్ము తింటున్నాడు. చిన్నమ్మ ధర్మవరం నుంచి వచ్చేసింది. అవ్వ ఆ ఆఫీసరు మాట మర్చిపోలేదు. బొంత తలవైపు జానెడు తెల్లగుడ్డ అంచు వేసి కుట్టింది. కెప్టెను గుడ్డ తెప్పించి వేద్దామా అని అడిగితే, "కూర్చున్నోణ్ణి కుట్టకూడదురా, లేచినోణ్ణే కుట్టాల" అనింది. ఉతికే పని మాత్రం, బొంత తిరిగొచ్చిన దినమే అవ్వ చేసిన శాసనం ప్రకారం, నాదే. ఆ పార్టీ అన్న పోయినాక పొద్దు వాలేదాకా మిద్దె మీదే కూర్చున్నాను. పది మొగాలూ ఆరినాయి, ఎర్రమన్ను మూల ఇంకా చెమ్మగానే ఉంది. ఇరవై ఏడేండ్లు ఏలినాయన ఒక్క పూటలో పోయినాడు, ఎనిమిది నెలలాయన పోయినాడు, వారం రోజులవాళ్లు వారంలోనే పోయినారు. నా ఆ శనివారమూ ఆదివారమూ మాత్రం ఇంకా పోలేదు.